పదకొండు నెలల ఇల్లు

బొంబాయి నగరమే ఒకనాడు కౌలుకు ఇచ్చిన సొత్తు. 1661 నాటి వివాహ ఒప్పందాన్ని అనుసరించి పోర్చుగీసు రాకుమారి కేథరిన్‌తోపాటు ఆంగ్ల ప్రభువు రెండవ చార్లెస్‌కు అరణంగా సంక్రమించిన ఈ ద్వీపాలు ఆయనకు ఆదాయంకన్న భారమే అయ్యాయి. 1668లో ఆయన వాటిని సాలుకు 10 పౌండ్ల కౌలుకు ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. నేడు ముంబయి అని వ్యవహరిస్తున్న ఆ నగరంలో, ఒక చదరపు అడుగు నేలకోసం జీవితకాలపు పొదుపును ధారపోసేవారికి ఈ సంగతి కట్టుకథలా తోచవచ్చు. కాని అది చరిత్ర. ఆ తరువాత మూడున్నర శతాబ్దాలపాటు ఈ నగరాన్ని నిర్మించినవారిలోనూ, నడిపినవారిలోనూ, పాడి పేరుతెచ్చినవారిలోనూ, మరమగ్గాల హోరులో చెవుడు తెచ్చుకొన్నవారిలోనూ అత్యధికులు అద్దె ఇళ్ళవారే.

ఇల్లు కట్టి చూడమనీ, పెళ్ళి చేసి చూడమనీ తెలుగు సామెత హెచ్చరిస్తుంది. ఇల్లంటే సొంత ఇల్లే అనే భావం ఆ మాటలో ఇమిడి ఉన్నది. అద్దె ఇంటిని 'అద్దె కొంప' అని తేలికచేసి మాట్లాడడం అలవాటు. ఐతే నగర జీవన చరిత్ర మరొక కథ చెబుతుంది. 2017-18 ఆర్థిక సర్వే ప్రకారం భారత నగరాలలో అద్దె ఇళ్ళ వాటా 1961లో 54 శాతం. 2011 నాటికి అది 28 శాతానికి దిగింది. అదే సర్వే 2011 జనగణనను ఆధారం చేసుకొని, దేశంలో ఖాళీగా పడివున్న ఇళ్ళు ముంబయిలోనే అత్యధికమనీ, వాటి సంఖ్య సుమారు 4.8 లక్షలనీ పేర్కొన్నది. అదే జనగణనలో ఆ నగర జనాభాలో ప్రతి పదిమందిలో నలుగురు మురికివాడలలో నివసిస్తున్నట్లు తేలింది. తలుపు తాళం తీయని ఇల్లు ఒకవైపు, తలదాచుకోవడానికి తలుపే లేని మనిషి మరొకవైపు. ఈ రెంటి నడుమ ఏర్పడిన అగాధమే అద్దె ఇంటి సమస్య.

తెలుగు పట్టణాలలో ఇల్లు వెతుక్కొనేవాడు వీధులవెంట నడుస్తాడు. గేటుకు వేలాడే 'టులెట్' బోర్డు చూసి తలుపు తడతాడు. ముంబయిలో అటువంటి బోర్డు అరుదు. అక్కడ మొదట రైల్వే స్టేషన్‌ను ఎంచుకోవాలి. తరువాత ఆ స్టేషన్‌కు తూర్పా, పడమరా అని తేల్చుకోవాలి. ఆపైన స్టేషన్‌నుంచి ఎన్ని నిమిషాల నడక అన్నది లెక్కలోకి వస్తుంది. 1853 ఏప్రిల్ 16న బోరీబందరునుంచి ఠాణాకు తొలి రైలు నడిచిన నాటినుంచి ఈ నగరం పట్టాలవెంబడే పెరిగింది. కనుక అద్దెను నిర్ణయించేది గదుల సంఖ్యతోపాటు ఈ నడక కూడా. ఈ లెక్కలన్నీ తెలిసినవాడు దళారి. ఒక నెల అద్దె అతని రుసుము. ఏ భవనంలో ఏ వేళ నీళ్ళు వస్తాయో, ఏ సంఘపు కార్యదర్శి ఎటువంటివాడో, ఏ ఇంటి యజమాని ఎవరికి ఇల్లు ఇవ్వడో అతనికి కంఠస్థం. చివరి విషయాన్ని అతడు కాగితంమీద ఎన్నడూ పెట్టడు.

ఈ నగరంలో పేటకొక చరిత్ర ఉన్నది. 1854లో తొలి నూలుమిల్లు సంస్థ వెలసిన తరువాత కొంకణ తీరంనుంచీ, దక్కను పీఠభూమినుంచీ జనం తరలివచ్చారు. గాలీ వెలుతురూ లేని గదులలో కిక్కిరిసి బతికారు. 1896లో మాండవీ ప్రాంతంలో ప్లేగు బయటపడినప్పుడు ఆ కిక్కిరింపు మృత్యుద్వారమైంది. దాని ఫలితంగా 1898లో బొంబాయి నగర ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. ఇరుకు వాడలను చీల్చి వెడల్పాటి రహదారులు వేయడం, ఉత్తరాన దాదరు, మాతుంగా ప్రాంతాలలో కొత్త కాలనీలు తీర్చడం ఆ ట్రస్టు చేపట్టిన పనులు. ప్రభుత్వం వచ్చినవాడికి ఇల్లు ఎలా చూపాలని ఆలోచించడానికి ఒక మహమ్మారి కావలసివచ్చింది.

ఆ కాలనీలలో ఒక్కొక్కటి ఒక్కొక్క సమూహానికి ఆలవాలమైంది. దాదరులో పార్సీ కాలనీ, దాని పొరుగునే హిందూ కాలనీ వెలసాయి. మాతుంగాలో తమిళ, కన్నడ, మలయాళ కుటుంబాలు స్థిరపడ్డాయి. గుమాస్తా ఉద్యోగాలకు వచ్చిన దక్షిణాది యువకులకు అక్కడి భోజనశాలలు కన్నతల్లి వంటగదిని మరపించాయి. గిరగామ్‌లో మరాఠీ మధ్యతరగతి చాళ్ళు వెలసాయి. అక్కడి కేశవజీ నాయక్ చాల్‌లో 1893లో ఆరంభమైన సార్వజనిక గణేశోత్సవం నేటికీ కొనసాగుతున్నది. దాని పొరుగున ఉన్న ఖోటాచీవాడిలో కొయ్య మెట్లతో, ముందు వసారాలతో క్రైస్తవ కుటుంబాల ఇళ్ళు కనిపిస్తాయి. ధోబీతలావ్, మజగావ్ ప్రాంతాలలో గోవావారి 'కూడు'లు ఉన్నాయి. ఓడలలో పనిచేయవచ్చిన గోవా గ్రామీణులు ఊరికొకటి చొప్పున నడుపుకొన్న వసతిగృహాలవి. ఒక పెద్ద గది, గోడవెంట వరుసగా పెట్టెలు, ఒకవైపు ప్రార్థనాపీఠం, నెలకు స్వల్పమైన చందా. ఓడ దిగినవాడికి ఆ పెట్టె పక్కన పరచుకొన్న చాపే చిరునామా.

మిల్లు కార్మికుల స్థితి ఇంతకన్న భిన్నం కాదు. 1920లలో ప్రభుత్వపు అభివృద్ధి శాఖ నిర్మించిన బి.డి.డి. చాళ్ళు వర్లీ, నాయగావ్, ఎన్.ఎం.జోషి మార్గ్, శివడీ ప్రాంతాలలో మొత్తం 207 ఉండేవి. ఒక్కొక్క భవనంలో 80 గదులు. ఒక్కొక్క గది సుమారు 160 చదరపు అడుగులు. అంతస్తుకు ఒక నడవ. ఆ అంతస్తులోని వారందరికీ ఉమ్మడి మరుగుదొడ్లు. మిల్లు కార్మికుల గదులలో పగటి పాళీవారు లేచి వెళ్ళగానే రాత్రి పాళీవారు వచ్చి అదే చాపమీద నడుము వాల్చేవారు. కుటుంబం ఊళ్ళో విడిచి వచ్చిన మగవారికి 'ఖానావళి' నడిపే స్త్రీలు అన్నం పెట్టేవారు. ఆ స్త్రీల శ్రమకు గుర్తింపు తేవడానికే 1975లో ప్రేమా పురవ్ అన్నపూర్ణా మహిళా మండల్‌ను స్థాపించారు. గది అద్దె, భోజనం ఖర్చు పోగా మిగిలినది మనియార్డరుగా ఊరికి పోయేది.

ఆ మనియార్డర్లు తెలుగు పల్లెలకూ అందాయి. కట్టడపు పనులకోసం నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాలనుంచి వలసవెళ్ళిన కామాటీల పేరుమీదనే కామాటిపురా వెలసింది. ఆ పేటకు తరువాత వచ్చిన అపకీర్తి వెనుక, రాళ్ళు మోసి నగరాన్ని లేపిన తెలుగు కూలీల పేరు మరుగునపడిపోయింది. మిల్లుల కాలంలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు వర్లీ, పరేలు ప్రాంతాలకు చేరారు. పాలమూరు కూలీలు కట్టడపు పనులకు వచ్చారు. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని తెలంగాణ పల్లె తన బతుకుతెరువును మూడు మాటలలో చెప్పుకొన్నది. ఆ మూడింటిలో మొదటిది బొంబాయి.

అద్దెదారుకు రక్షణగా నిలవాలన్న సంకల్పంతో వచ్చిన చట్టమే ఈ నగరంలో అద్దె ఇంటి స్వరూపాన్ని మార్చివేసింది. 1947 నాటి బొంబాయి అద్దె నియంత్రణ చట్టం అద్దెలను 1940 సెప్టెంబరు నాటి స్థాయికి ముడివేసింది. యుద్ధకాలపు కొరతలో ఇంటివారి దోపిడిని అరికట్టడానికి అది అవసరమే. తాత్కాలికమని తలచిన ఆ నియమం పొడిగింపుల మీద పొడిగింపులతో అర్ధశతాబ్దం నిలిచింది. పన్ను పెరిగింది, ఇటుక ధర పెరిగింది, మేస్త్రీ కూలి పెరిగింది. అద్దె మాత్రం పెరగలేదు. ఇంటివాడు మరమ్మతు మానుకొన్నాడు. కొత్తగా అద్దెకు ఇళ్ళు కట్టేవారు కరవయ్యారు. చట్టం చూడని దారిన 'పగ్డీ' నడిచింది. తలపాగా అని ఆ మాటకు అర్థం. గది చేతులు మారినప్పుడల్లా పెద్ద మొత్తం చాటుగా చెల్లించడం, అందులో కొంత ఇంటివాడికి ముట్టడం రివాజైంది. వానకాలంలో కూలే పాత భవనాలను చూసి ప్రభుత్వం 1969లో మరమ్మతుల చట్టం తెచ్చి, సెస్సు వసూలుచేసి బాగుచేయించే బాధ్యతను ఒక మండలికి అప్పగించింది. ఆ పరిధిలోకి వచ్చిన భవనాలు మొదట 19 వేలకు పైబడి ఉండేవి. ఇంతకాలం అద్దెలను స్తంభింపజేయడం సమంజసం కాదని 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. 2000 మార్చి 31నుంచి అమలులోకి వచ్చిన మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ఏటా 4 శాతం పెంపును అనుమతించి, పగ్డీకి చట్టసమ్మతి కల్పించింది.

ఈ చరిత్రలోనుంచి పుట్టినదే 'లీవ్ అండ్ లైసెన్స్' అనే ఒప్పందం. ఇందులో ఇంట్లో ఉండేవాడు అద్దెదారు కాడు, కొంతకాలం ఉండడానికి అనుమతి పొందినవాడు మాత్రమే. గడువు ముగిసిన నాడు అతడు ఇల్లు విడిచిపోవాలి. ఏడాదికి మించిన కౌలు పత్రాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలన్న 1908 నాటి చట్టాన్ని తప్పించుకోవడానికి దేశమంతటా 11 నెలల ఒప్పందం వాడుకలోకి వచ్చింది. మహారాష్ట్రలో 1999 చట్టం ప్రతి ఒప్పందాన్నీ వ్రాతపూర్వకంగా రిజిస్టరు చేయించాలని, ఆ బాధ్యత ఇంటివాడిదేనని శాసించింది. ఐనా 11 అంకె అలవాటుగా నిలిచిపోయింది. ఒకసారి లోపలికి వచ్చినవాడు మళ్ళీ కదలడన్న భయం ఇంటివాడికి. సామాను సర్దుకొన్నంతలో వెళ్ళమంటారన్న భయం ఉండేవాడికి. పదకొండు నెలలనేది ఈ రెండు భయాల మధ్య కుదిరిన రాజీ.

2018 వేసవిలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసే ఒక సిరిసిల్ల ఉద్యోగికి ముంబయికి బదిలీ అయింది. ఆంటాప్ హిల్ వంటి చోట్ల ఉన్న ప్రభుత్వ నివాసాలకు దరఖాస్తు పెట్టుకొని, వరుసలో తన సంఖ్య చూసుకొని, అంతవరకు బయట ఇల్లు వెతుక్కోక తప్పదని అతడు గ్రహించాడు. 7వ వేతన సంఘం తరువాత మహానగరాలలో ఇంటి అద్దె భత్యం మూలవేతనంలో 24 శాతం. ఆ మొత్తాన్ని ఒక కాగితం మీద వేసుకొని, రైలు మార్గాల పటాన్ని పక్కన పెట్టుకొని చూస్తే, అది అతన్ని నగరం నడిబొడ్డునుంచి మెల్లగా ఉత్తరానికి నెట్టసాగింది. బడులు జూన్ నడుమ తెరుస్తారు. ఆ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది. ఊళ్ళో ఉన్న తల్లి ఫోనులో ఒకే మాట పదేపదే చెప్పింది: "ఆషాఢం జొరబడకముందే పాలు పొంగిచ్చుకోండ్రి బిడ్డా." అంటే జూలై 13 అమావాస్యలోగా ఇల్లు దొరకాలి. దళారికి ఈ లెక్క అర్థం కాలేదు. ఒకటో తారీఖునుంచి ఒప్పందం వ్రాయడమే అతనికి తెలిసిన ముహూర్తం.

ఇల్లు వెతికే రోజులలోనే అతడు ఒక ఆదివారం వర్లీ చాళ్ళు చూడబోయాడు. అతని తాత 1950లలో అక్కడొక గదిలో ఏడుగురు బంధువులతో కలిసి ఉండి మిల్లులో నేతపని చేశాడు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు కార్మికుల సమ్మె సుమారు రెండున్నర లక్షలమందిని వీధిన పడవేసినప్పుడు, గది చాప ఇతరులకు వదలి సిరిసిల్ల మరమగ్గాల దగ్గరికి తిరిగివెళ్ళాడు. ఆ గది ఏదో మనుమడికి తెలియదు. నడవలో కూర్చున్న ఒక వృద్ధుడిని అడిగితే, ఇక్కడ తెలుగువారి గదులు చాలా ఉండేవనీ, బతుకమ్మ పండుగకు ఆడవాళ్ళు కింద మైదానంలో పాడేవారనీ చెప్పాడు. నడవ చివర నీళ్ళ డ్రమ్ములు, తీగలమీద ఆరవేసిన బట్టలు, తెరచిన తలుపులు. వాటి వెనుక మిల్లు గొట్టాలు ఉండవలసిన ఆకాశంలో అద్దాల మేడలు. ఆ చాళ్ళ పునర్నిర్మాణానికి 2017లోనే శంకుస్థాపన జరిగింది. మనుమడు గోడనొకసారి తాకి వచ్చాడు. తాతకు ఈ నగరంలో ఇల్లు చూపినవాడు దళారి కాదు, ముందుగా వచ్చిన మేనమామ. ఒప్పందం లేదు, డిపాజిట్ లేదు; నీవెవరి కొడుకువన్న ప్రశ్న ఒక్కటే ఉండేది.

మనుమడిని కూడా నగరం ఆ ప్రశ్నే అడిగింది, కాని వేరొక ఉద్దేశంతో. పశ్చిమ శివారులోని ఒక గృహ సహకార సంఘంలో ఇల్లు నచ్చింది. గాలి వస్తుంది, స్టేషన్ ఎనిమిది నిమిషాల నడక, బడి దగ్గర. ఇంటివాడు మర్యాదస్తుడు. ఇంటిపేరు అడిగాడు. ఆ పేరు ఏ వర్గానిదో పోల్చుకోలేక, ఊరు అడిగాడు. అప్పటికీ తేలక, చివరికి ఏం తింటారని అడిగాడు. మాంసం తింటామని విన్న తరువాత ఆయన కంఠస్వరం ఏమాత్రం మారలేదు. సంఘంతో మాట్లాడి చెబుతానన్నాడు. ఆ ఫోను మళ్ళీ రాలేదు. రెండవచోట, మూడవచోట కూడా ఇదే క్రమం. పెళ్ళికాని యువకులకు, ఒంటరి స్త్రీలకు, ముస్లిం కుటుంబాలకు ఈ క్రమం ఇంకా తొందరగా ముగుస్తుందని దళారి దాపరికం లేకుండా చెప్పాడు. ఆపైన ఉపాయమూ చెప్పాడు: శాకాహారులమని ఒక్క మాట అంటే చాలు, ఆ తరువాత వంటింట్లోకి తొంగిచూసేదెవరు?

అతడు తటపటాయించాడు. జూలై దగ్గరపడుతున్నది, అతిథిగృహపు బిల్లు పెరుగుతున్నది. అది ఎవరికీ హాని చేయని అబద్ధమని కూడా తోచింది. భార్యతో చెప్పినప్పుడు ఆమె బియ్యం ఏరుతూ తలెత్తకుండానే జవాబిచ్చింది. "తినేది దాసిపెట్టి బతుకుడు నాతోని కాదు. బోనాలకు కోడిని కోసే ఇల్లు మనది. రేపు పిలగాడు బడిల దోస్తులకు ఏం చెప్పాలె? ఇంట్ల ఒకటి, బయట ఒకటా?" ఆ మాటతో ఆ ఉపాయం అక్కడికి ముగిసింది.

ఇల్లుకోసం పేరు దాచుకోవలసిన దుస్థితి ఈ దేశంలో కొత్తది కాదు. 1917లో విదేశీ విద్య ముగించుకొని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరిన డాక్టర్ అంబేద్కర్‌కు ఆ ఊళ్ళో తలదాచుకోవడానికి చోటు దొరకలేదు. ఒక పార్సీ వసతిగృహంలో పార్సీ పేరుతో దిగారు. పదకొండవనాడు కర్రలు పట్టుకొన్న గుంపు వచ్చి నిలదీసింది. సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నది. ఒక హిందూ మిత్రుడిని, ఒక క్రైస్తవ మిత్రుడిని ఆశ్రయం కోరితే ఇద్దరూ ఏదో ఒక కారణం చెప్పి తప్పుకొన్నారు. ఆయన ఒక ఉద్యానవనంలో కూర్చొని పొద్దుపుచ్చి, రాత్రి రైలుకు బొంబాయి వెళ్ళిపోయారు. ఆ సంఘటనను ఆయన తన ఆత్మకథాత్మక రచన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో వివరించారు. బొంబాయిలో ఆయన ఏళ్ళ తరబడి నివసించినది పరేలులో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు కట్టించిన చాల్‌లోని చిన్న గదులలోనే. రాజ్యాంగ రచనకు సారథ్యం వహించిన మనిషి జీవితంలో అద్దె గది తలుపు ఒక పాఠ్యగ్రంథమంత స్పష్టంగా నిలిచింది.

ఆ రాజ్యాంగపు 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా నివసించే, స్థిరపడే హక్కును పౌరునికి ఇచ్చింది. 15వ అధికరణం దుకాణాలు, భోజనశాలలు, వసతిగృహాలు, బావులు, రహదారుల విషయంలో వివక్షను నిషేధించింది. ఇంటి గుమ్మం దగ్గరకు వచ్చేసరికి శాసనం ఆగిపోయింది. అహ్మదాబాదులోని ఒక పార్సీ గృహ సహకార సంఘం తన సభ్యత్వాన్ని తమ సమాజానికే పరిమితం చేసుకొన్న నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. సంఘాలు ఏర్పరచుకొనే స్వేచ్ఛ కూడా రాజ్యాంగదత్తమే కదా అన్నది ఆ తీర్పులోని తర్కం.

ఈ తర్కాన్ని తేలికగా తోసిపుచ్చలేం. గోవావారి కూడు, మాతుంగా భోజనశాల, వర్లీలోని తెలుగువారి గది - ఇవన్నీ ఒక సమూహం తనవారికోసం ఏర్పరచుకొన్నవే. అపరిచిత నగరంలో అవి లేకపోతే ఎందరో తొలి వానకాలమే దాటలేకపోయేవారు. ఐతే ఆ గదులలో చోటు ఇచ్చినవారు బలహీనులు. నిలువనీడ లేక ఒకరినొకరు పట్టుకొని నిలబడినవారు. బలవంతులు అదే పని చేసినప్పుడు దాని ఫలితం వేరు. గూడు కట్టుకోవడం వేరు, గోడ కట్టుకోవడం వేరు. 1992 డిసెంబరు, 1993 జనవరి అల్లర్ల తరువాత ఎందరో ముస్లిములు భయంతో కలగలుపు పేటలు విడిచి ముంబ్రా వంటి దూరపు చోట్లకు తరలిపోయారు. గోడలు మొలవడానికి నెత్తురు తోడైతే అవి ఎంత త్వరగా పెరుగుతాయో ఆ నగరం చూసింది. ఒకే గోడకు రెండువైపులా పెరిగిన పిల్లలకు పొరుగువారి పండుగ పేరు తెలియకపోతే ఆ నష్టం ఏ పద్దులోనూ నమోదు కాదు.

ఎట్టకేలకు ఇల్లు విక్రోలి తూర్పున, గృహనిర్మాణ మండలి కట్టించిన కన్నంవార్ నగర్‌లో దొరికింది. ఒక గది, వంటిల్లు, చిన్న వసారా. ఇంటి యజమానురాలు నగరపాలిక బడిలో ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించిన మరాఠీ వితంతువు. ఇరుగుపొరుగువారు ఆమెను 'బాయి' అని పిలుస్తారు. ఈసారి దళారి నోరు తెరవకముందే భార్య తనకు వచ్చిన హిందీలో చెప్పివేసింది: "బాయీ, మేము మాంసం తింటాం. ముందే చెబుతున్నాం." బాయి కళ్ళద్దాలు సవరించుకొని, "మంచిదమ్మా. బుధ, శుక్ర, ఆదివారాలు ఇక్కడ తాజా బొంబిల్ వస్తుంది. నేను సోమవారం, గురువారం ముట్టను, అంతే" అన్నది. తరువాత ఆమె అడిగిన ప్రశ్నలు రెండే. పిల్లవాడిని ఏ బడిలో చేరుస్తున్నారు? నీళ్ళు తెల్లవారుజామున వస్తాయి, లేచి పట్టుకోగలరా?

మిగిలినదంతా కాగితాల పని. ఒప్పందం వ్రాసి, వేలిముద్రలు వేసి రిజిస్టరు చేయించారు. పోలీసులకు వివరాలు సమర్పించారు. సంఘానికి యజమాని చెల్లించవలసిన అదనపు రుసుము సేవారుసుములో 10 శాతానికి మించరాదన్న 2001 నాటి ప్రభుత్వ ఉత్తర్వును బాయి తానే గుర్తుచేసి, ఎక్కువ అడిగిన కార్యదర్శిని నోరు మెదపకుండా చేసింది. అమావాస్యకు మూడురోజుల ముందు కొత్త పొయ్యిమీద పాలు పొంగాయి. మరాఠీ ఇంటిలో తెలుగు పాలు పొంగడం చూసి, ఇది తమలో కూడా ఉన్నదేనని బాయి ఒక చెంచాడు చక్కెర తెచ్చి ఇచ్చింది. ఆమె ఇల్లు ఇచ్చింది ఔదార్యంతో మాత్రమే అనుకోనక్కరలేదు. పింఛనుకు తోడుగా ఆ అద్దె ఆమెకు అవసరం. గడువు ముగిస్తే ఇల్లు తిరిగి తనకు వస్తుందన్న ధైర్యాన్ని చట్టం ఇచ్చింది. నమ్మకానికి కూడా కొంత చట్టపు ఊత కావాలి. ఆ ఊత ఉన్నచోట కూడా తలుపు తీయడానికి ఒక మనిషి కావాలి.

ఆ 11 నెలలు మూడుసార్లు కొత్త ఒప్పందాలుగా మారాయి. ప్రభుత్వ నివాసం దొరికి ఆ కుటుంబం కదిలిపోయేసరికి పిల్లవాడు మరాఠీలో పోట్లాడడం నేర్చాడు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాసగృహాలకు డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించరాదని, ప్రతి ఒప్పందమూ వ్రాతపూర్వకంగా ఉండాలని, వివాదాలకు ప్రత్యేక యంత్రాంగం ఉండాలని సూచించింది. రాష్ట్రాలు దాన్ని స్వీకరించవలసి ఉంటుంది. 2024 జనవరినుంచి మహానగరాలలో ఇంటి అద్దె భత్యం 30 శాతానికి పెరిగింది. 2025 ఆగస్టులో వర్లీ చాళ్ళ స్థానంలో లేచిన కొత్త భవనాలలో తొలి విడత కుటుంబాలకు తాళంచెవులు అందాయి. 160 చదరపు అడుగుల గదికి బదులు 500 చదరపు అడుగుల సొంత ఇల్లు. నాలుగు తరాల అద్దెదారులు యజమానులైన ఆ ఘట్టం ఆనందదాయకమే. ఐతే వారిలో కొందరు రేపు తమ ఇంటిని అద్దెకు ఇస్తారు. అప్పుడు వారి గుమ్మంముందు నిలబడే కొత్త మనిషిని వారు ఏమని ప్రశ్నిస్తారన్నది ఏ చట్టమూ ముందుగా వ్రాయలేదు.

నమూనా చట్టం డబ్బునూ, గడువునూ, మరమ్మతునూ పట్టించుకొన్నది. తలుపు దగ్గర అడిగే ప్రశ్నల జోలికి పోలేదు. బహుశా ఆ పని శాసనానిది మాత్రమే కాదు. సొంత ఊరు విడిచి మరొక రాష్ట్రంలో పనిచేసే ప్రతి ఉద్యోగి, ప్రతి కార్మికుడు, ప్రతి విద్యార్థి ఎవరో ఒకరి ఇంటి తాళంచెవి అందుకొన్నవాడే. భిన్నత్వంలో ఏకత్వమనే మాటను సభలలో వినిపించడం సులభం. బాయి ఇంటి వసారాలో దానికి వేరే భాష ఉండేది. నీళ్ళు వచ్చిన వేళ ఆమె గోడమీద వేలితో రెండుసార్లు తట్టేది. అవతలివైపునుంచి తెలుగు ఇల్లాలు తిరిగి ఒకసారి తట్టేది.